ట్రాక్టరు నిలిచిపోకముందే చూచుకొనవలసినవి

కాలువకు నీరు వచ్చి, నారు సిద్ధమై యుండగా, దమ్ము సగములో ట్రాక్టరు నిలిచిపోయిన రైతు పడు అవస్థ మన సభ్యులలో పెక్కుమంది ఎఱిగినదే. ఆ అదనున మెకానిక్కు దొరకుట కష్టము. దొరకినను కావలసిన సామాను పట్టణమునుండి రావలెను. ఇంతలో నారు ముదురును, కుదుర్చుకొన్న కూలీలు వేఱొకరి చేనికి పోవుదురు. అప్పు తెచ్చి కొన్న బండియైనచో వడ్డీ మాత్రము ఆగదు. యంత్రము ఉన్నట్టుండి చెడినదని మనము చెప్పుకొందుము గాని, విచారించినచో పెక్కుమార్లు అది కొన్ని దినముల ముందే ఏదో యొక గుర్తు చూపియే యుండును. ఆ గుర్తులను కనిపెట్టుటకు ఉదయము పావుగంట చాలును.

మొదట ఇంజను ఆయిలు. బండిని సమతలమున నిలిపి, స్టార్టు చేయకముందే కొలతపుల్లను తీసి, తుడిచి, మరల ముంచి చూడవలెను. ఆయిలు రెండు గీతల నడుమ నుండవలెను. పైగీతను మించి పోయుటయు మంచిది కాదు. ఆయిలు పాలవలె తెల్లబడినచో అందు నీరు కలిసినదని గ్రహించి, ఇంజనును తిప్పక మెకానిక్కును పిలువవలెను. ఆయిలు మార్చు గడువును నెలలనుబట్టి గాక, మీటరు చూపు గంటలనుబట్టి లెక్కింపవలెను. పెక్కు ట్రాక్టర్లకు ఇది సుమారు 250 గంటలు. మీ బండికెంతయో దానితో వచ్చిన చేతిపుస్తకమున చూడుడు. ఆ పుస్తకమును పెట్టెలో దాచి మఱచుట మనవారికి పరిపాటి.

మన చేలలో ఇంజనునకు పరమశత్రువు దుమ్ము. ఒక లీటరు డీజిలు కాలుటకు పదివేల లీటర్లకు పైగా గాలి కావలెను. వేసవి దుక్కిలో ఆ గాలియంతయు ధూళితో నిండియుండును. ఆ ధూళిలోని సన్నని ఇసుకరేణువులు లోనికి పోయినచో సిలిండరును, రింగులను సానపట్టినట్లు అరగదీయును. దీనిని ఆపునది ఎయిరు క్లీనరు ఒక్కటే. నూనెగిన్నె గల రకమైనచో గిన్నెలో గుర్తువఱకు నూనె యుండవలెను. అడుగున మడ్డి పేరినప్పుడు కడిగి క్రొత్త నూనె పోయవలెను. కాగితపు రకమైనచో నేలకు కొట్టి దులుపరాదు; చిరిగినచో ఉండియు లేనట్లే. తక్కువ ఒత్తిడి గాలిని లోపలినుండి వెలుపలికి ఊదవలెను. పొగ నల్లగా, దట్టముగా వచ్చుచున్నచో ముందుగా దీనినే చూడుడు. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలే కాలుచున్నదని తెలియవలెను.

డీజిలు విషయమున ఒక చిన్న అలవాటు మిక్కిలి మేలు చేయును. ట్యాంకును ఉదయము గాక సాయంకాలము పని ముగియగనే నింపవలెను. ట్యాంకు వెలితిగా నున్నచో రాత్రి చల్లదనమునకు లోని గాలియందలి తేమ నీరై దిగును. నీరు డీజిలుకన్న బరువైనది గనుక అడుగున చేరును. దానిని ప్రొద్దుట స్టార్టు చేయకముందే ఫిల్టరు అడుగు మరను వదలించి తీసివేయవచ్చును. ట్యాంకు పూర్తిగా ఎండువఱకు నడపినచో గొట్టములలో గాలి చేరును. దీనినే డ్రైవర్లు ఎయిరు పట్టినదందురు. ఫిల్టరు పైమరను కొలదిగా వదలించి, చేతిపంపు కొట్టుచు, బుడగలు లేని డీజిలు వచ్చినంతనే బిగించినచో చాలవఱకు సరిపడును. ఇటీవలి కొన్ని పెద్ద ట్రాక్టర్లలో డీజిలు మిక్కిలి ఒత్తిడితో పోవును. వాని ఇంజెక్టరు గొట్టములను మనము విప్పరాదు.

రేడియేటరు రెక్కలలో ఊక, బురద పేరుకొనకుండ కడుగుచుండవలెను. ఇంజను వేడిగా నున్నప్పుడు మూత తీసినచో మరుగునీరు ముఖముపై చిమ్మును. ఫ్యాను బెల్టును బొటనవ్రేలితో నొక్కినచో సుమారు అరయంగుళము క్రుంగవలెను. బ్యాటరీ కొనలపై పేరుకొన్న పూతను వేడినీటితో కడిగి వ్యాసలైను పూసినచో చాలును.

బ్రేకులు ప్రాణముతో ముడిపడినవి. చేనిలో మలుపునకు ఒక్క చక్రమునే ఆపుటకై రెండు పెడళ్లు వేఱువేఱుగా నున్నవి. రోడ్డెక్కునపుడు రెంటిని గొళ్లెముతో కలుపక, వేగములో ఒక్కటి నొక్కినచో బండి ఒక ప్రక్కకు తిరిగి బోల్తాపడును. గట్టు దాటకముందే గొళ్లెము వేయుట డ్రైవరునకు చెప్పులు తొడుగుకొన్నంత సహజము కావలెను.

ఇంత చేసినను ఆపద రాకపోదు. బురదలో దిగబడినపుడు వెనుక చక్రములకు దుంగ కట్టి ముందునకు నడుపు ఆచారము మాకు మిక్కిలి భయము గొలుపుచున్నది. చక్రము తిరుగలేనపుడు ఇంజను బలము బండి ముందుభాగమునే పైకెత్తును. రెప్పపాటులో అది వెనుకకు తిరుగబడి డ్రైవరుపై పడును. వెనుకకు నడిపి చూడుడు; రానిచో వేఱొక ట్రాక్టరుతో లాగింపుడు. రోటవేటరులో గడ్డి చిక్కినచో ఇంజను ఆపిన పిదపనే దిగవలెను. పీటీఓ షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగును. తువాలు కొన చిక్కినచో విడిపించుకొను వ్యవధి యుండదు.

సంఘపు ట్రాక్టరుకు ఇంకొక చిక్కు కలదు. నడుపువారు నలుగురైనచో ఆయిలు చూచుట ఎవరి పనియు కాకపోవును. బండికొక పుస్తకము పెట్టి, మీటరు గంటలు, పోసిన ఆయిలు, వినిపించిన క్రొత్త శబ్దము వ్రాసి సంతకముతో అప్పగించు పద్ధతి అవసరము. అద్దెకు తీసికొను సభ్యుడును ఆ పుస్తకము చూచియే తాళము తీసికొనవలెను.

పనిముట్ల పెట్టెలో ఒక ఫ్యాను బెల్టు, డీజిలు ఫిల్టరు, ఫ్యూజులు, జాకీ, చక్రపు స్పానరు, టార్చి, గాయములకు కట్టు గుడ్డలు ఉండవలెను. ధాన్యపు ట్రాలీ రాత్రివేళ రోడ్డుపై నిలిచిపోయినచో వీలైనంత అంచునకు చేర్చి, వెనుక దూరమున ఎఱ్ఱ త్రికోణపు పలక నిలిపి, టార్చితో ఒకరు రోడ్డు ప్రక్కన నుండవలెను. చక్రముల క్రింద పెట్టిన రాళ్లను బండి కదలిన పిదప తీసివేయుట మఱువరాదు. వెనుక వచ్చు మోటారుసైకిలువానికి ఆ రాయి చీకటిలో కనబడదు.