ఎన్నాళ్లు బతుకుతారు? లెక్క చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

అపోహ: "డాక్టరుగారు ఎనిమిది నెలలన్నారు. ఇక అంతే."

వాస్తవం: ఎవరు ఎన్నాళ్లు బతికారో లెక్కగట్టే సర్వైవల్ ఎనాలిసిస్‌లో ఇలాంటి అంకె సాధారణంగా మధ్యగతం. ఆ గడువుకి రోగుల్లో సగం మంది పోయారు, సగం మంది బతికే ఉన్నారు. ఆ రెండో సగం ఎన్నాళ్లున్నారో అంకె చెప్పదు. హార్వర్డ్ జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కి 1982లో మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ బయటపడింది. పుస్తకాలు తిరగేస్తే మధ్యగతం ఎనిమిది నెలలని ఉంది. ఆ కంగారులోనూ ఆయన ఒక సంగతి పట్టుకున్నారు: బతికే కాలం ఇటువైపు సున్నా కన్నా తగ్గే వీల్లేదు, అటువైపు మాత్రం ఏళ్ల తరబడి సాగొచ్చు. తన వయసు, జబ్బు దొరికిన దశ, అందుతున్న వైద్యం చూసుకుని, ఆ సాగే భాగంలో తానుండే అవకాశం బాగానే ఉందని తేల్చుకున్నారు. 1985లో దాని మీద వ్యాసం రాశారు. 2002 దాకా బతికారు. పోయింది కూడా మరో క్యాన్సర్‌తో. అందరికీ ఇలా జరుగుతుందని కాదు. కానీ డాక్టర్ని "ఎన్నాళ్లు?" అని అడిగి ఊరుకోకండి. "ఏడాది దాటేవాళ్లెందరు, ఐదేళ్లు దాటేవాళ్లెందరు?" అనీ అడగండి.

అపోహ: మధ్యలో ఆసుపత్రికి రావడం మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేయాలి.

వాస్తవం: తీసేస్తే తప్పే, పోయినవాళ్ల కింద జమకట్టినా తప్పే. పది మంది రోగులనుకోండి. మూడో నెలలో ఒకరు పోయారు: 90 శాతం మిగిలారు. ఐదో నెలలో ఒకాయన వేరే ఊరెళ్లి మళ్లీ కనిపించలేదు. ఏడో నెలలో ఇంకొకరు పోయారు. అప్పటికి లెక్కలో ఉన్నది 8 మంది, మిగిలింది 7. కాబట్టి 90ని 7తో హెచ్చవేసి 8తో భాగించాలి: 78.75 శాతం. ఊరెళ్లినాయన కనిపించినన్నాళ్లూ లెక్కలో ఉన్నారు. 1958లో కాప్లాన్, మైయర్ ప్రచురించిన పద్ధతి ఇదే. వైద్య పత్రికల్లో మెట్లుమెట్లుగా దిగే గీత దీన్నుంచే వస్తుంది. అయితే జబ్బు ముదిరి రాలేకపోయినవాళ్లే ఎక్కువైతే ఈ గీతా నమ్మదగ్గది కాదు. రోగుల ఇళ్లకు ఫోన్ చేసి ఆరా తీసే సిబ్బంది పని అందుకే అంత విలువైనది.

అపోహ: ఐదేళ్లు బతికేవారి శాతం పెరిగితే మరణాలు తగ్గినట్టే.

వాస్తవం: 70వ ఏట పోయిన మనిషికి 67లో జబ్బు తెలిస్తే మూడేళ్లు బతికినట్టు. పరీక్షల్లో 64కే తెలిస్తే ఆరేళ్లు. ఆయుష్షు ఒక్కరోజూ పెరగలేదు. మరణాల రేటు కూడా చూడాల్సిందే.

అపోహ: సర్వైవల్ ఎనాలిసిస్ అంటే చావుల లెక్క, ఆసుపత్రులకే పరిమితం.

వాస్తవం: కాప్లాన్ తన పద్ధతిని సముద్రగర్భ టెలిఫోన్ కేబుళ్లలోని వ్యాక్యూమ్ ట్యూబుల మన్నిక కోసం ఆలోచించారు. 1979లో ఆర్థికవేత్త టోనీ లాంకాస్టర్ నిరుద్యోగ కాలాన్ని ఇలాంటి పద్ధతితోనే పరిశీలించారు. ఉద్యోగం దొరికినవాళ్లనే అడిగి సగటు కడితే, ఇంకా వెతుకుతున్నవాళ్లు లెక్కలోకే రారు. నిరుద్యోగ కాలం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఇంకో చిక్కుంది. ఖాళీగా ఉన్నకొద్దీ పని దొరికే అవకాశం తగ్గుతున్నట్టు గీత చూపిస్తుంది. కానీ త్వరగా దొరికేవాళ్లు ముందే వెళ్లిపోయి, మొదటినుంచీ అవకాశాలు తక్కువున్నవాళ్లు మిగిలినా గీత అలాగే వస్తుంది. ఖాళీగా ఉండటమే వాళ్లను పనికి దూరం చేసిందని ఆ ఒక్క గీత చూసి చెప్పలేం.