స్లాబ్‌లో ఫైబర్ కలిపితే చువ్వలు తగ్గించొచ్చా?

కాంక్రీటులో ఫైబర్ కలిపితే స్లాబ్ పగలదని, చువ్వల ఖర్చూ తగ్గుతుందని ఇల్లు కట్టుకునేవాళ్లకు సలహాలు వస్తుంటాయి. మొదటి మాటలో నిజం కొంతే. రెండో మాట నమ్మి ఇంటి పైకప్పు వేయకూడదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఎం25 రకం కాంక్రీటును నొక్కితే చదరపు సెంటీమీటరుకు సుమారు 250 కిలోలు ఓర్చుకుంటుంది. స్లాబ్ వంగినప్పుడు మాత్రం అడుగుభాగం సాగుతుంది. అక్కడ 35 కిలోల దగ్గరే కాంక్రీటు చీలుతుంది. అందుకే చువ్వలు అడుగున కడతారు.

ఇప్పుడు పదడుగుల చదరపు గది, 5 అంగుళాల మందం స్లాబ్ అనుకోండి. దానికి సుమారు 1.2 ఘనమీటర్ల కాంక్రీటు పడుతుంది, బరువు మూడు టన్నులకు కాస్త తక్కువ. నేల మీద పోసే ఫ్లోర్లలో స్టీల్ ఫైబర్ ఘనమీటరుకు 20 నుంచి 40 కిలోలు కలుపుతారు. 30 వేస్తే మన గదికి 35 కిలోలు. ఒక్కో ముక్క 6 సెంటీమీటర్ల పొడవు, ముప్పావు మిల్లీమీటరు లావు, కొసలు కొక్కెంలా వంగి ఉంటాయి. అలాంటివి లక్షా డెబ్బై వేలు! వరసగా పేరిస్తే పది కిలోమీటర్లు.

అంత తీగ ఉండి కూడా పగులు ఎందుకొస్తుంది? ఘనపరిమాణంలో అది 0.4 శాతమే కాబట్టి. మామూలు కాంక్రీటు ఏ బరువుకు పగులుతుందో, ఇదీ దాదాపు అక్కడే పగులుతుంది. ఫైబర్ పని ఆ తర్వాతే మొదలవుతుంది. పగులు విచ్చుకుంటుంటే దానికి అడ్డంగా ఉన్న ముక్కలు బిగిసి, కొక్కేలు నిటారవుతూ మెల్లగా ఊడివస్తాయి. ఊడిరావడానికి కావలసిన ఆ బలమే స్లాబ్‌ను పట్టి ఉంచుతుంది. పగిలాక మిగిలే ఈ బలాన్ని ఇంజినీర్లు శేషబలం అంటారు.

ఈ శేషబలం ఎంతో తెలుసుకోవడానికి లక్షల ముక్కలను కంప్యూటర్‌లో ఒక్కొక్కటిగా పెట్టి లెక్కించరు. 15 సెంటీమీటర్ల చదరం, 55 సెంటీమీటర్ల పొడవున్న దిమ్మెకు అడుగున గాటు పెట్టి వంచుతారు. పగులు నోరు అర మిల్లీమీటరు తెరుచుకున్నప్పుడు ఎంత బలం మిగిలింది, రెండున్నర మిల్లీమీటర్లకు ఎంత మిగిలింది అని కొలుస్తారు. స్లాబ్ లెక్కలోకి వెళ్లేవి ఆ అంకెలే.

అసలు విశేషం దిమ్మెలో కాదు, స్లాబ్‌లో ఉంది. రెండు గోడల మీద ఆనిన స్లాబ్ నడుమ ఒక్క గీత వెంట విరిగితే పడిపోతుంది. నాలుగు గోడల మీద ఆనిన చదరపు స్లాబ్ పడాలంటే మూల నుంచి మూలకు గీతలు పూర్తిగా ఏర్పడాలి. ఇలా విరిగే గీతలను ముందే ఊహించి బలం లెక్కించడాన్ని యీల్డ్ లైన్ పద్ధతి అంటారు. డెన్మార్క్ ఇంజినీరు యోహాన్సెన్ 1943లో దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఆ లెక్కలో కాంక్రీటు అదే, మందం అదే అయినా నాలుగు గోడల స్లాబ్ మూడు రెట్ల బరువు మోస్తుంది. అయితే మొదట పగిలినచోట బలం నిలిచి ఉంటేనే భారం పక్కకు మళ్లి ఇదంతా జరుగుతుంది. శేషబలం ఇచ్చే లాభం అదే. అడుగున గట్టి నేల ఉన్న గోదాము ఫ్లోర్లకు, సిమెంటు రోడ్లకు ఫైబర్ బాగా నప్పేదీ ఇందుకే. రోడ్ల విషయంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ:46 పేరుతో మార్గదర్శకాలే ఇచ్చింది.

మరి పైకప్పుకు ఎందుకు వద్దు? మన గదికి 8 మిల్లీమీటర్ల చువ్వలు ఆరంగుళాలకొకటి చొప్పున రెండు వైపులా వేస్తే 50 కిలోలు. అదంతా అడుగున, కావలసినచోటే ఉంటుంది. ఫైబర్ మందమంతా, అన్ని దిక్కులకూ చెల్లాచెదురవుతుంది. అడుగు వెడల్పు పగులును దాటేవి లెక్క ప్రకారం 165 ముక్కలు. మిక్సర్‌లో ఉండలు కడితే ఎక్కడ ఎన్ని పడ్డాయో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. చువ్వలనైతే కాంక్రీటు పోయకముందే ఎంచి చూసుకోవచ్చు.

యూరప్‌లో పై అంతస్తులకూ ఫైబర్ స్లాబ్‌లు వేశారు, నిజమే. 2004లో లక్సెంబర్గ్‌లోని బిసెన్‌లో పూర్తి పరిమాణంలో స్లాబ్ కట్టి పరీక్షించారు కూడా. కానీ అలాంటి స్లాబ్‌లలో ఘనమీటరుకు 100 కిలోల దాకా కలుపుతారు, స్తంభాల వరసల మీదుగా చువ్వలూ వేస్తారు. ఆ మోతాదులో మన గదికి 118 కిలోలవుతుంది. చువ్వల బరువుకు రెట్టింపు పైమాటే.

ఇక దారాల్లాంటి ప్లాస్టిక్ ఫైబర్. ఘనమీటరుకు 0.9 కిలో, అంటే మన గదికి కిలోకు కాస్త ఎక్కువ. పోసిన తొలి గంటల్లో ఎండకు తడి ఆరి వచ్చే సన్న నెర్రెలను ఇది తగ్గిస్తుంది. బరువు మోయదు. క్యూరింగ్‌కు బదులూ కాదు.

కాబట్టి ఫైబర్ కొనేముందు దాని శేషబలం పరీక్షా నివేదిక అడగండి. మీ ఇంజినీరు లెక్క వేసి, సంతకం పెట్టి ఇస్తే తప్ప డ్రాయింగులోని ఒక్క చువ్వనూ తగ్గించనివ్వకండి.