పెద్దప్రేగు క్యాన్సరు: మందుల తరువాతి మాట

పెద్దప్రేగు క్యాన్సరును శస్త్రచికిత్సచే తొలగించిన పిమ్మట కొందరు రోగులకు కొన్ని నెలలపాటు కీమోథెరపీ మందుల నిత్తురు. ఒకే మందు పుచ్చుకొన్న యిరువురిలో ఒకరు చిరకాలము జీవించుటయు, మరియొకరికి రోగము తిరుగబెట్టుటయు ఏల? రోగి యింటివారిని రాత్రింబవళ్లు వేధించు ప్రశ్న యిదియే.

రోగము ఎంతవరకు ప్రాకినదను విషయము అన్నిటికంటె ముఖ్యమైనది. ప్రేగు గోడలోనే యున్నదా, దానిని దాటినదా, శోషరస గ్రంథులను చేరినదా అని చూచు పద్ధతికి 1932లో లండను వైద్యుడు కత్బర్ట్ డ్యూక్స్ పునాది వేసెను. ప్రేగుతోపాటు తీసిన గ్రంథులలో కనీసము 12 పరీక్షింపవలెనని నేటి నియమము. నాలుగైదు మాత్రమే చూచి “గ్రంథులలో రోగము లేదు” అనినచో ఆ మాటను పూర్తిగా నమ్మరాదు. మందు కావలసిన రోగి మందు లేకయే ఇంటికి పోవచ్చును. ఈ సంఖ్య పరీక్షా నివేదికలో నుండును. ఇంటివారు మొగమాటపడక అడిగి తెలిసికొనవలెనని మా మనవి.

1957లో వెలువడిన ఫ్లోరోయురాసిల్ నేటికిని ఈ చికిత్సకు మూలాధారము. దానికి ఆక్సాలిప్లాటిన్ చేర్చగా, మూడేండ్లకు రోగము తిరుగబెట్టక జీవించియున్నవారు నూటికి 73 నుండి 78కి పెరిగిరని 2004లో ప్రచురితమైన పరిశోధన తెలిపెను. ఆపరేషను అయిన 8 వారములలోపల మందు ప్రారంభించుట మేలు. ముహూర్తములకై జాగు చేయుట తగదు. చేతులు కాళ్లు తిమ్మిరెక్కినచో దాచక వైద్యునితో చెప్పవలెను. ప్రమాదము తక్కువగా నున్న కొందరికి 6 నెలలకు బదులు 3 నెలల మందు చాలునని 2018లో తేలినది.

మందు ముగిసిన రోగిని కదలనీయక మంచముపై నుంచుటయే ప్రేమ యని మన యిండ్లలో పలువురి భావన. 2025లో ప్రకటితమైన ఫలితములు ఇందుకు విరుద్ధముగా నున్నవి. ముఖ్యముగా కెనడా, ఆస్ట్రేలియాలలో కీమోథెరపీ ముగించిన 889 మందిని రెండు జట్లుగా చేసిరి. ఒక జట్టువారికి మూడేండ్లపాటు శిక్షకుల తోడ్పాటుతో వ్యాయామము నేర్పిరి. రెండవ జట్టువారికి ఆరోగ్య విషయములు తెలుపు పుస్తకము లిచ్చిరి. ఎనిమిదేండ్లకు మొదటి జట్టులో నూటికి 90 మంది, రెండవ జట్టులో 83 మంది జీవించియుండిరి. వ్యాయామమనగా మల్లయుద్ధము కాదు. వారానికి మూడు నాలుగు మార్లు, ముప్పావు గంటయో గంటయో వడిగా నడచినను సరిపోవును. వ్యాయామము చేసినవారిలో కండరముల నొప్పులు కొంత హెచ్చుగా కనబడినవి గనుక, ఎంత నడువవలెనో మొదట వైద్యు నడిగి, నెమ్మదిగా పెంచుకొనవలెను.