కుట్లు మానాయి సరే... రక్తం మాటేమిటి?

‘ఆపరేషన్ బాగా జరిగింది, తల్లీబిడ్డా క్షేమం’ అనగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కుట్లు మానాయా, పాపాయి బరువు పెరిగిందా అని చూసుకుంటారు. తల్లి ఒంట్లో రక్తం ఎంతుందో మాత్రం ఎవరూ అడగరు. నెల తిరిగేసరికి ‘నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరుగుతున్నాయి’ అంటూ ఆ తల్లి మా ఓపీకి వస్తుంది. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7 దగ్గర ఉంటుంది. డిశ్చార్జి చీటీలో రాసిన ఐరన్ మాత్రలు ఇంట్లో అలాగే పడి ఉంటాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఈ రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఈ రెండూ కలిస్తేనే ప్రమాదం.

ఎంత పోతుంది?

మామూలు కాన్పులో సాధారణంగా అర లీటరు లోపు రక్తం పోతుంది. సిజేరియన్‌లో లీటరు దాకా పోవచ్చు. హిమోగ్లోబిన్ 12 గ్రాములున్న తల్లి దీన్ని చాలావరకు తట్టుకుంటుంది. 8 గ్రాములతో థియేటర్‌లోకి వెళ్లిన తల్లికి అందులో సగం పోయినా ప్రాణం మీదికి రావచ్చు.

ముందే నింపుకోండి

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనతే. నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్ర కనీసం 180 రోజులు వేసుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇవి ఉచితం. మాత్రలతో బిడ్డ నల్లగా పుడుతుందన్నది అపోహ. నల్లబడేది మలం మాత్రమే, దానికి భయపడక్కర్లేదు. మాత్ర వేసుకున్నాక గంటసేపు టీ, కాఫీ వద్దు. క్యాల్షియం మాత్ర మరో పూట వేసుకోండి. నిమ్మరసం, జామకాయ, ఉసిరి ఐరన్ ఒంటబట్టేలా చేస్తాయి. మాత్రలు పడకపోయినా, నెలలు నిండుతున్నా రక్తం పెరగకపోయినా డాక్టర్ సలహాతో ఐరన్‌ను సెలైన్‌లో ఎక్కించుకోవచ్చు.

గతంలో సిజేరియన్ అయినా, కడుపులో కవలలున్నా, మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో తేలినా, రక్తం వెంటనే దొరికే ఆస్పత్రిలోనే కాన్పుకు ఏర్పాటు చేసుకోండి.

థియేటర్‌లో...

బిడ్డ బయటికి రాగానే గర్భసంచి గట్టిగా ముడుచుకునేందుకు ఆక్సిటోసిన్ ఇస్తారు. రక్తస్రావం ఆగకపోతే వేరే మందులు, అవసరమైతే రక్తం ఎక్కిస్తారు.

పథ్యం పేరుతో కడుపు మాడ్చొద్దు

ఇంటికొచ్చాక అసలు పని మొదలవుతుంది. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని, ఆకుకూరలు, పండ్లు పడవని బాలింతకు కారప్పొడి అన్నంతో సరిపెడతారు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం మానాలన్నా, రక్తం పట్టాలన్నా పప్పు, గుడ్డు, తోటకూర, మునగాకు, మాంసం, చేపలు కావాలి. నీళ్లూ దాహం తీరా తాగనివ్వండి. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత మరో 180 రోజులు మానకూడదు. నెలన్నరకు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్ పరీక్ష అడిగి చేయించుకోండి.

ఇవి కనిపిస్తే ఆస్పత్రికి పరుగెత్తాలి

- గంటకో ప్యాడ్ తడిసిపోవడం, పెద్ద గడ్డలు పడటం
- స్పృహ తప్పడం, గుండెదడ, కూర్చున్నా ఆయాసం
- జ్వరం, దుర్వాసనతో రక్తస్రావం

బిడ్డకు టీకా తేదీలు క్యాలెండర్‌లో రాసుకుంటారు కదా. ఆ పక్కనే తల్లి రక్త పరీక్ష తేదీ కూడా రాయండి.