రోటరీ ఇంజన్‌కు వేడే గండం

బెంగళూరు: పిస్టన్లు, వాల్వులు లేకుండా కేవలం త్రికోణాకారపు రోటార్ గిరగిర తిరగడం ద్వారా శక్తినిచ్చే రోటరీ ఇంజన్‌ను చిన్న విమానానికి బిగించడం ఒక ఎత్తయితే, దానిని చల్లగా ఉంచడం మరొక ఎత్తు. సొంత షెడ్లలో విమానాలు నిర్మించుకునే అమెరికా ఔత్సాహికులు దశాబ్దాల తరబడి చేతులు కాల్చుకుని నేర్చుకున్న పాఠమిది. స్వదేశీ రోటరీ ఇంజన్లతో పైలట్ రహిత విమానాలను ఎగురవేయాలని కృషి చేస్తున్న భారతదేశానికి కూడా ఈ పాఠం అక్షరాలా వర్తిస్తుంది.

నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ (ఎన్.ఎ.ఎల్.), అహ్మద్‌నగర్‌లోని రక్షణశాఖ వాహన పరిశోధన సంస్థ, బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్ సంయుక్తంగా రూపొందించిన 55 అశ్వశక్తి రోటరీ ఇంజన్‌తో ‘నిశాంత్’ అనే పైలట్ రహిత విమానం 2009 మార్చి 29న కోలార్ సమీపంలో గగనవిహారం చేసింది. అంతవరకు ఆ విమానం దిగుమతి ఇంజన్‌పైనే ఆధారపడింది. స్వదేశీ ఇంజన్ బరువు సుమారు 30 కిలోలు మాత్రమే. వరుస ప్రమాదాల దరిమిలా సైన్యం 2015లో నిశాంత్‌ను వద్దనుకున్నప్పటికీ, రోటరీ ఇంజన్‌పై కృషి ఆగిపోలేదు. లక్ష్యాన్ని ఢీకొని పేలిపోయే డ్రోన్‌కు 30 అశ్వశక్తి రోటరీ ఇంజన్‌ను అమర్చనున్నట్లు ఎన్.ఎ.ఎల్. 2024లో వెల్లడించింది.

జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన ఆధారంగా ఎన్.ఎస్.యు. కంపెనీ 1957లో తొలి నమూనాను నడిపించింది. జపాన్‌కు చెందిన మజ్దా కంపెనీ కార్లలో ఈ ఇంజన్ పేరు గడించింది. మజ్దా తయారుచేసిన ‘13బి’ ఇంజన్‌లో కదిలే ప్రధాన భాగాలు మూడే: రెండు రోటార్లు, ఒక షాఫ్టు. తక్కువ బరువు, ఎక్కువ శక్తి, స్వల్పమైన అదురు దీని సుగుణాలు. విమానాల కోసమే తయారయ్యే ఇంజన్ల ధర అందుబాటులో లేని ఔత్సాహికులు పాత కార్ల నుంచి ఈ ఇంజన్లను విప్పి, ప్రొపెల్లర్ వేగాన్ని తగ్గించే గేర్లు జోడించి తమ విమానాలకు అమర్చుకోవడం పరిపాటి అయింది. విమానంలో సగానికి మించిన పనిని ఔత్సాహికులే స్వయంగా చేసివుంటే అమెరికా ప్రభుత్వం దానిని ప్రయోగాత్మక తరగతి కింద అనుమతిస్తుంది.

కారు వేరు, విమానం వేరు

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. రోడ్డుపై నిలకడగా సాగిపోయే కారు తన ఇంజన్ శక్తిలో కొద్ది భాగాన్నే వాడుకుంటుంది. విమానానికి ఆ వెసులుబాటు లేదు. నేల విడిచింది మొదలు తగినంత ఎత్తుకు చేరేవరకు ఇంజన్ పూర్తి శక్తితో పనిచేయాలి. అటు తర్వాత కూడా గంటల తరబడి ముప్పాతిక వంతు శక్తిని ఇస్తూనే ఉండాలి.

పెట్రోలు మండగా వచ్చే ఉష్ణంలో స్థూలంగా మూడో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మరో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలినది నీటిలోకి, ఆయిల్‌లోకి చేరుతుంది. ఆ లెక్కన 160 అశ్వశక్తి ఇచ్చే ఇంజన్ నుంచి దాదాపు 120 కిలోవాట్ల వేడిని ఎప్పటికప్పుడు గాలిలోకి వదిలించాలి. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు 120 ఒకేసారి వెలువరించే వేడికి ఇది సమానం.

వేగం తక్కువగా ఉన్నప్పుడే ఈ వేడి అత్యధికంగా పుట్టడం అసలు సమస్య. రేడియేటర్ గుండా గాలిని నెట్టే ఒత్తిడి విమాన వేగపు వర్గాన్ని అనుసరించి మారుతుంది. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పయనించే విమానం 150 కిలోమీటర్ల వేగంతో పైకి ఎక్కుతున్నప్పుడు ఆ ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పుడు ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు జరిగిందంటే పైలట్ ముందు రెండే దారులుంటాయి: ముక్కు దించి వేగం పెంచడం, లేదా ఇంజన్ శక్తిని తగ్గించడం. ఏ దారి పట్టినా ఎత్తును వదులుకోవలసిందే. కింద చెట్లు, ఇళ్లు ఉన్న సమయంలో అది ప్రాణాలతో చెలగాటమే.

ఆయిల్‌దీ బాధ్యతే

రోటరీ ఇంజన్‌లో ఇంధనం మండడం ఎల్లప్పుడూ పెట్టెకు ఒక పక్కనే జరుగుతుంది. చల్లని గాలి లోపలికి వచ్చేది మరో పక్క నుంచి. అందువల్ల ఒక వైపు విపరీతంగా కాగుతుంటే, రెండో వైపు అంతగా వేడెక్కదు. వేడి హద్దు మీరితే అల్యూమినియం, ఇనుప భాగాల నడుమ నీటిని ఆపివుంచే రబ్బరు సీళ్లు చెడిపోతాయి. ఇక లోపల తిరిగే రోటార్‌ను చల్లబరిచేది ఆయిలే. షాఫ్టులోని సన్నని రంధ్రాల నుంచి ఆయిల్ చిమ్ముతూ రోటార్‌లోని వేడిని వెంట తీసుకుపోతుంది. చల్లబరచవలసిన ఉష్ణంలో దాదాపు మూడో వంతు ఈ మార్గంలోనే బయటపడుతుంది. నీటి రేడియేటర్‌పై శ్రద్ధ పెట్టి ఆయిల్ కూలర్‌ను చిన్నదిగా అమర్చినవారు తొలి ప్రయాణాల్లోనే ఇబ్బందుల పాలవుతుంటారు. ఆయిల్ 100 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకోవాలన్నది అనుభవజ్ఞులు పాటించే నియమం.

బుడగల బెడద మరొకటి. విమానంలో స్థలాభావం వల్ల రేడియేటర్లను తరచు ఇంజన్ కంటే కింద అమర్చుతారు. అప్పుడు గాలి, ఆవిరి బుడగలు ఇంజన్ పైభాగాన చిక్కుకుని నీటి ప్రవాహానికి అడ్డుపడతాయి. అన్నిటికంటే ఎత్తయిన చోట ఒత్తిడి మూత గల చిన్న తొట్టిని అమర్చి, బుడగలు అందులోకి చేరే ఏర్పాటు చేయడం దీనికి విరుగుడు.

రంధ్రం పెద్దదైతే చాలదు

ఇంజన్ వేడెక్కగానే ముందువైపు రంధ్రాన్ని పెద్దది చేయడం కొత్తవారు చేసే పొరపాటు. గాలి లోపలికి రావడం ఎంత ముఖ్యమో, బయటికి పోవడం అంతే ముఖ్యం. బయటికి తగిన దారి లేకుంటే ఇంజన్ మూత లోపల ఒత్తిడి పెరిగి, వచ్చే గాలి రంధ్రం వద్దే పక్కలకు చెదిరిపోతుంది. విమానాన్ని వెనక్కు లాగే నిరోధం మాత్రం పెరుగుతుంది. చిన్న ద్వారం గుండా వచ్చిన గాలిని క్రమంగా వెడల్పయ్యే గొట్టంలోకి మళ్లిస్తే దాని వేగం తగ్గి, ఒత్తిడి పెరిగి, రేడియేటర్ అంతటా సమంగా పారుతుంది. రేడియేటర్ అంచుల వద్ద సందులు ఉంటే గాలి ఆ సులువైన దారినే పోతుంది గనుక వాటిని మూసివేయాలి.

ఇది కొత్త విజ్ఞానమేమీ కాదు. రేడియేటర్‌లో వేడెక్కిన గాలిని తగిన గొట్టం గుండా వెనక్కు వదిలితే నిరోధంలో కొంత భాగం తిరిగి రాబట్టవచ్చునని బ్రిటిష్ ఇంజనీరు మెరెడిత్ 1930లలోనే వివరించారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి మస్టాంగ్ యుద్ధ విమానం ఆ సూత్రంతో లబ్ధి పొందింది.

మన ఎండల లెక్క వేరు

నీరు 100 డిగ్రీల వద్ద, బయటి గాలి 15 డిగ్రీల వద్ద ఉంటే తేడా 85 డిగ్రీలు. రాజస్థాన్ వేసవిలో గాలి 45 డిగ్రీలకు చేరితే ఆ తేడా 55 డిగ్రీలకు కుదించుకుపోతుంది. అంటే అదే రేడియేటర్, అంతే గాలితో, దాదాపు మూడో వంతు తక్కువ వేడిని వదిలిస్తుంది. పైగా వేడిగాలి పలచన. చలి దేశంలో నిక్షేపంగా పనిచేసిన ఏర్పాటు మన ఎడారిలో పనికిరాకపోవచ్చు. నిశాంత్ వంటి విమానాల్లో ప్రొపెల్లర్ వెనకవైపు ఉండటం వల్ల అది విసిరే గాలి కూడా ఇంజన్‌కు అక్కరకు రాదు.

సొంతంగా కట్టుకున్న విమానంలో వేడి హెచ్చితే ముల్లును చూసి శక్తిని తగ్గించే పైలట్ ఉంటాడు. పైలట్ రహిత విమానంలో ఆ జాగ్రత్తను డిజైన్ దశలోనే తీసుకోవలసి ఉంటుంది. విదేశీ ఇంజన్‌ను కొన్నప్పుడు ఏ ఎండకు ఎంత రేడియేటర్ కావాలన్న అనుభవం దానితోపాటు రాదు. దానిని మన ఎండల్లో, మన పరీక్షల్లో మనమే సంపాదించుకోవాలి.