పసుపు దుమ్ములోనూ... ఉప్పుగాలిలోనూ!

పసుపు పాలిష్ పట్టే రోజుల్లో మా ఆర్మూరులో దుమ్ము దూరని చోటుండదు. ఆ దుమ్ముకే పోయినేడు మా లాప్‌టాప్ మూగబోయింది. రెండు వారాల తూకాల లెక్క గల్లంతు! మరి నెలల తరబడి ఉప్పుగాలిలో ఉండేవాళ్ల సంగతేమిటి?

2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తారిణి’ తెరచాప పడవలో బయల్దేరి, 2018 మేలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో ఇద్దరు మన అమ్మాయిలే... విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య.

ఇలాంటి పడవల్లో కరెంటంతా బ్యాటరీలదే. కాబట్టి తెర పెద్దదా అని కాదు, కరెంటు తక్కువ తాగుతుందా అని చూడాలి. గిర్రున తిరిగే హార్డ్‌డిస్క్ కుదుపులకు చెడిపోతుంది, ఎస్‌ఎస్‌డీకి ఆ బెడద లేదు. ఇన్వర్టరు పెడితే కొంత కరెంటు దండగే. 12 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా ఛార్జి చేసే అడాప్టరు నయం. ఉప్పు తేమను పీల్చి లోపలి తీగల్ని తినేస్తుంది. అందుకే పని కాగానే గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి దాచాలి. ఇన్ని చేసినా కాగితం పటం దగ్గరుంచుకోవాల్సిందే.

డబ్బా చిట్కా నాకు తెగ నచ్చింది. ఈసారి కొమ్ములు పాలిష్‌కి వెళ్లేలోపే ఓ మూత డబ్బా కొనేశా. చిట్టా పుస్తకం మాత్రం అటక మీంచి మళ్లీ కిందికి దిగింది!