మార్కులు చెప్పని సంగతులు

బడినుండి ప్రగతి పత్రము ఇంటికి వచ్చినపుడు మనమందరమును మొదట వెదకునది మార్కులనే. లెక్కలలో 100కి 40 అని యుండును. తండ్రి కనుబొమలు ముడివడును, తల్లి నిట్టూర్చును, సంతకము పడును, పత్రము మరల బడికి పోవును. పిల్లవానికి రానిదేమి, ఎందుచేత రాలేదు అను రెండు ప్రశ్నలకును ఆ పత్రములో జవాబు లేదు. విద్యార్థి నేర్చినదానిని తెలిసికొనుటకు తరగతి గదిలో ఉపాధ్యాయునకు గల మార్గములు పెక్కు. ఏ మార్గమువలన ఏమి తెలియునో కొంత విచారింతము.

ఒక తీసివేత లెక్కను తీసికొందము. 52లోనుండి 27 తీసివేయుమనగా ఒక బాలుడు 35 అని వ్రాసెననుకొనుడు. మరియొకడు 24 అని వ్రాసెను. ఇద్దరికిని సున్నయే. మార్కుల పుస్తకములో వీరిద్దరును సమానులు. కాని రెండవవానికి పదులనుండి అప్పు తెచ్చు పద్ధతి తెలియును. 12లో 7 పోగా 5 అనుటకు మారుగా 4 అని తొట్రుపడెను, అంతియే. మొదటివాడు తొట్రుపడలేదు. 2లోనుండి 7 పోదు గనుక 7లోనుండి 2 తీసి 5 వేసెను. పదులలో 5లోనుండి 2 తీసి 3 వేసెను. పెద్ద అంకెలోనుండి చిన్న అంకెను తీయవలెనని తనకు తోచిన నియమమును శ్రద్ధతోనే పాటించెను. ఆ నియమమే తప్పు. వాడే 86లోనుండి 34 తీసివేయుమనిన 52 అని సరిగా చెప్పగలడు. అందుచేత పది లెక్కలలో కొన్ని ఒప్పగును, కొన్ని తప్పగును. మనమేమో వానిని పరాకుగలవాడందుము. ఇంకను ఇరువది లెక్కలు చేయుమని కూర్చుండబెట్టుదుము. వాడా యిరువదింటిలోను ఆ తప్పునే గట్టిపరచుకొనును! జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అను పరిశోధకులు 1978లో ఇట్టి తీసివేత తప్పులనే పరిశీలించి, పిల్లల తప్పులలో పెక్కింటికి వెనుక ఒక నిలుకడగల పద్ధతి యుండునని చూపిరి.

ఆ పద్ధతిని కనుగొనుటకు సులభమైన ఉపాయము, “ఎట్లు చేసితివి నాయనా?” అని అడుగుటయే. నోటితో అడిగి తెలిసికొనుట మన దేశమున క్రొత్త గాదు. మన వీధిబడులలో దినదినమును పాఠము అప్పగింత యుండెడిది. బళ్లారి జిల్లా కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823లో తన జిల్లాలోని 533 బడులనుగూర్చి నివేదిక వ్రాసెను. తెలుగు, కన్నడ బడులే వానిలో హెచ్చు. ఉదయమున బడికి మొదట వచ్చినవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురట, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక చిన్న దెబ్బ, అటుపిమ్మట వచ్చినవారికి ఒక్కొక్క దెబ్బ హెచ్చు. (ఇది చదువునకు గాదు, వేళకు వేసిన మార్కు. ఇప్పటికిని మన మార్కులలో కొన్ని యిట్టివే.) పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పుచు తమ చదువును గట్టిపరచుకొను పద్ధతిని ఆయన మెచ్చుకొనెను. కాని పిల్లలు పద్యములను అక్షరము పోకుండ చెప్పుదురనియు, అర్థము మాత్రము చిలుకకు తెలిసినంతయే తెలియుననియు వ్రాసెను. అప్పగింతవలన జ్ఞాపకము తెలియును, అవగాహన తెలియదు. అడుగుట నోటితోనే యైనను, ఏమి అడిగితిమన్నదే ముఖ్యము.

నలుబదిమంది గల తరగతిలో ఒక్కొక్కరిని ఎట్లు అడుగుటయని ఉపాధ్యాయులు అందురు. న్యాయమే. దీనికి పలకయే చాలును. ఒక లెక్క చెప్పి, అందరిని పలకలపై వ్రాయించి, ఒక్కసారిగా ఎత్తి చూపుమనవలెను. 35 అని వ్రాసిన పలకలు ఎన్నియో ఒక చూపుననే తెలియును. ఆ పిల్లలను మాత్రము ప్రక్కకు పిలిచి అడుగవచ్చును. సరియైన జవాబును గుర్తించు ప్రశ్నలను కొందరు నిరసింతురు గాని, అవియు నేర్పుతో కూర్చినచో పనికివచ్చును. పై లెక్కకు 25, 35, 24, 79 అని నాలుగు జవాబులిచ్చిన, 79ని ఎంచినవాడు తీసివేతకు మారుగా కూడెనని తెలియుచున్నది గదా.

ఈ విచారణకు 1967లో మైకేల్ స్క్రివెన్ అను తత్త్వవేత్త ఒక వింగడింపు చేసెను; బెంజమిన్ బ్లూమ్ దానిని విద్యార్థుల చదువునకు అన్వయించెను. మన పాఠశాలలలో వీనిని నిర్మాణాత్మక మూల్యాంకనము, సంగ్రహణాత్మక మూల్యాంకనము అందురు. పేర్లు బరువైనవి, సంగతి రైతుకు తెలిసినదే. పైరు పొలములో నుండగా ఆకు త్రిప్పి పురుగును చూచుట మొదటిది. కళ్ళములో ధాన్యము కొలుచుట రెండవది. కొలత వలదని మేమనము. అందరికిని ఒకే ప్రశ్న, ఒకే గడువు ఉండుటలో ఒక న్యాయమున్నది. కాని కొలతవలన పురుగు చావదు.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 29వ సెక్షనులో పిల్లల అవగాహనను సమగ్రముగా, నిరంతరముగా మూల్యాంకనము చేయవలెనని నిర్దేశించెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు పిల్లల భాగస్వామ్యము, రాతపని, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అను నాలుగు సాధనములు ఏర్పరచిరి. ఉద్దేశము మంచిది. అయితే వీనికిని మార్కులు పెట్టవలసివచ్చుటతో కథ మొదటికి వచ్చెను. ప్రాజెక్టు పని యనిన అంగడిలో బొమ్మల కాగితము కొని యట్టపై అతికించుట యని పిల్లలు గ్రహించిరి. ఉపాధ్యాయుని ప్రొద్దు రిజిస్టరులకు చాలదయ్యెను.

రూత్ బట్లర్ 1988లో ప్రకటించిన ఒక పరిశోధన ఇచట స్మరింపదగినది. ఇజ్రాయెల్ దేశపు పిల్లలలో కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండును ఇచ్చిచూచిరి. వ్యాఖ్య మాత్రమే పొందినవారి పని మెరుగుపడెను. రెండును పొందినవారికి వ్యాఖ్యవలన ఆ మేలు కలుగలేదు. మార్కు ప్రక్కననుండగా దాని కంత విలువ లేకపోయెను.

ఇంటిలో తల్లిదండ్రులు చేయదగినది కొంత కలదు. మార్కుల పత్రముతో తృప్తిపడక జవాబుపత్రమును తెప్పించుడు. తప్పిన లెక్క నొకదానిని మరల చేయుమని, చేయుచు పైకి చెప్పుమనుడు. నడుమ అడ్డుతగులకుడు, ఇది కష్టమే. తప్పుదారి యెచట పట్టెనో వాని నోటనే వెలువడును. అది తీసివేతలోని తప్పైనచో చీపురుపుల్లలు పదేసి చొప్పున అయిదు కట్టలు కట్టి, రెండు పుల్లలు విడిగా పెట్టి, ఇరువదియేడు తీసి యిమ్మనుడు. విడిపుల్లలు రెండే యున్నవని వాడు కొంతసేపు చూచును. పిమ్మట ఒక కట్ట విప్పును.